పదో తరగతికి సొరపాదు

పత్రికలో జిల్లా పేజీలు చూసిన రోజుల్లో నేను ఇంటికి చేరేసరికి కోళ్లు కూసేవి. ఉద్యోగం అయిపోయి, మేడ్చల్‌ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో లోపలికి తిరిగే ఊళ్లో ఇల్లు కట్టుకున్నాక, ఇప్పుడు అదే వేళకు మెలకువ వచ్చేస్తోంది. లేచి ఏం చేయాలో తెలియదు. పేపరు రావడానికి ఇంకా చాలా టైముంటుంది. ఈ సంగతి మా ఆవిడ ఎక్కడో అన్నట్టుంది, అది తిరిగి తిరిగి మా ఊరి హైస్కూలు పెద్ద మేడమ్‌ చెవిన పడింది.

"ఎట్లాగూ లేస్తారట కదా సార్‌. నాకో ఐదు ఇళ్లు లేపి పెట్టండి" అన్నారావిడ ఫోన్‌ చేసి.

పదో తరగతి పిల్లలను టీచర్లు పంచుకుని, తెల్లవారుజామున ఇళ్లకు ఫోన్లు చేసి చదువుకు లేపడం ఈ వైపు బళ్లలో ఉన్నదే. మేడమ్‌ ఆలోచన ఇంకో అడుగు ముందుకు వేసింది. తొమ్మిదో తరగతి ఇంకా ముగియకముందే, ఆ చివరి ఏడు ఎలా ఉంటుందో పిల్లలకూ తల్లిదండ్రులకూ ఒక రిహార్సల్‌ చేయిస్తే? "పిల్లలకు పదో తరగతి జూన్‌లో వస్తుంది సార్‌. అమ్మానాన్నలకు కొంచెం ముందే రావాలి" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. సరేనన్నాను.

రిహార్సల్‌కు ముందు ఒక ఆదివారం తల్లిదండ్రులను పిలిచారు. తొమ్మిదో తరగతి గదిలో, పిల్లల బెంచీల్లోనే అందరూ కూర్చున్నారు. మోకాళ్లు పట్టక కొందరు పక్కకు తిరిగి కూర్చున్నారు. మా ఊరి పాత పటేల్‌ మాత్రం బెంచీ మీద కుదరక టీచరు కుర్చీ తెప్పించుకున్నారు. ఆయనకు రోడ్డువారనున్న పొలమంతా ఇప్పుడు ప్లాట్ల వెంచరు. మనవడు తొమ్మిదిలో ఉన్నాడు.

మేడమ్‌ ఉపన్యాసం ఇవ్వలేదు. పదో తరగతి ఏడాదంతా మూడు పనులు చేయాలన్నారు. సాయంత్రం బడి వదిలాక స్పెషల్‌ క్లాసుకు పిల్లలను ఉంచాలి. తెల్లవారుజామున లేపి చదివించాలి. ఫంక్షన్లకు తీసుకుపోకూడదు. మొదటి రెండింటికి అందరూ తలలూపారు. మూడోదానికి గదికి గదే లేచింది.

"మేనమామ పెండ్లికి గూడ పోవద్దా మేడమ్‌?" అని ఒక తల్లి.

"మేనమామనే పరీక్షలయ్యేదాకా ఆగమనమ్మా. ఇన్నాళ్లు ఆగిండు, ఇంకో ఏడాది ఆగడా?"

నవ్వులు సద్దుమణిగాక వెనక బెంచీలోంచి ఒకతను లేచాడు. ఆకుకూరలు పండించే భాయ్‌. ఊళ్లో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. పటేల్‌ వెంచరులో అమ్ముడుపోని ప్లాట్లలో, హద్దురాళ్ల మధ్యన కొత్తిమీర, పాలకూర, మెంతికూర మళ్లు వేసుకుని పండిస్తాడు. ఒక ప్లాటు అమ్ముడైతే ఆ మళ్లు పక్క ప్లాటుకు జరుగుతాయి.

"పొద్దుమీకి క్లాసంటే మా బిడ్డకు కాదు మేడమ్‌" అన్నాడు. "గప్పుడే గద మేము కూర కోసేది. మా ఆమె కోస్తది, బిడ్డ కట్టలు కడ్తది. పొద్దుగాల నేను మార్కెట్‌కు ఒయ్యేవరకు మాల్‌ తయారుండాలె."

గుమ్మం దగ్గర తోటి పిల్లలతో కలిసి చాయ్‌ కప్పులు పంచుతున్న అమ్మాయి చేతిలో ట్రే ఆగిపోయింది. ఆ పిల్లే అతని కూతురని నాకు అప్పుడు తెలిసింది. మేడమ్‌ ఒక బేరం పెట్టారు. రిహార్సల్‌లో రోజూ తెల్లవారుజామున లేచి చదివితే, పదో తరగతిలో సాయంత్రం క్లాసు మినహాయింపు. లేవకపోతే సాయంత్రం బడిలో ఉండాల్సిందే. భాయ్‌ వెంటనే ఒప్పుకున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నంబరూ ఇచ్చాడు. అది నా వంతుకు వచ్చింది.

నేను చెప్పులు వేసుకుంటుంటే ఆ అమ్మాయి ఖాళీ ట్రేతో దగ్గరికి వచ్చింది.

"సార్‌, పొద్దుగాల ఒక్కదాన్నే కూసొని లెక్క జేస్తె, తప్పు పోతే ఎవలు జెప్తరు?"

లెక్కల సారు బడి వేళ నలభై మందికి బోర్డు మీద చెబుతాడట. సాయంత్రం క్లాసులోనైతే ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపిస్తాడట. ఈ పిల్లకు మొదటి సగం బాగానే వస్తుంది, సగం దాటాక ఆగిపోతుంది. అందుకే ఆ సాయంత్రం క్లాసు కావాలి. "ముందు ఈ రిహార్సల్‌ కానీ తల్లీ" అన్నాను.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలుపెట్టాను. ఫోన్‌ చేసి పిల్లను లేపడమంటే ఏదో బటన్‌ నొక్కడం అనుకున్నాను గాని, ప్రతి ఇంటికీ ఒక పద్ధతి ఉంది. ఒక ఇంట్లో ఫోనెత్తిన తండ్రి "ఆ లేపుతున్న" అని, నాకు వినబడేలా గురక పెట్టేవాడు. పటేల్‌ ఇంట్లో కోడలు ఎత్తేది. "మావోడు తప్ప అందరం లేసినం సార్‌. మామ చాయ్‌ అడుగుతుండు, అత్తమ్మ పాటలు పెట్టింది, కుక్క గూడ లేసింది" అని ఒకరోజు. నాలుగో రోజు ఫోన్‌ పటేలే ఎత్తి, "పరీక్ష వానికా, నాకా?" అని పెట్టేశారు.

నా ఐదు ఇళ్లలో ఆణిముత్యం భాయ్‌ ఇల్లే. మొదటి రింగుకే ఎత్తేవాడు. మత్తు గొంతు కాదు, బాగా తెల్లారిన మనిషి గొంతు.

"లేసింది సార్‌. సదువుతాంది."

"ఒకసారి ఇవ్వు భాయ్‌, అమ్మాయితో మాట్లాడతా."

"మొకం కడుక్కుంటాంది సార్‌."

ఇంకోరోజు అడిగితే బాయి దగ్గర ఉంది. మరోరోజు చాయ్‌ పెడుతోంది. వారం గడిచేసరికి అతని వెనకనుంచి వచ్చే సందడి మీద నా చెవి నిలిచింది. బండ్ల హారన్లు, ఎవరో అరుపులు. ఒకరోజు మరీ స్పష్టంగా, "పాలకూర ఎట్లిస్తవ్‌, జల్దీ చెప్పు" అన్న గొంతు వినబడింది.

"ఎవరు భాయ్‌ అది?"

"టీవీ సార్‌."

ఆ వేళకు టీవీలో పాలకూర బేరం ఎవరు పెడతారు? డెస్కులో ఉన్నప్పుడు కూడా ఇలాంటి వార్తను రెండోవైపు మాట కూడా విన్నాకే పేజీలోకి పంపేవాళ్లం. మనిషిని ఎదురుగా అడిగి తేల్చుకుందామని, మేడమ్‌కు రోజూ పంపే మెసేజ్‌లో ఆ రోజుకు కూడా "ఫోన్‌ ఎత్తారు" అని మాత్రమే రాశాను. లేచిందని రాయలేదు. ఆ తేడాను మేడమ్‌ గమనించలేదు.

వేసవి సెలవులకు ముందు మళ్లీ తల్లిదండ్రుల సమావేశం. భాయ్‌ ఈసారి తల్లిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. మనవరాలి బడి చూడాలని ఆమే పట్టుబట్టిందట. సన్నగా, నిటారుగా ఉండే మనిషి, తల మీద తెల్ల దుపట్టా. నేను భాయ్‌ని పక్కకు పిలుద్దామని లేచేలోపే మేడమ్‌ మొదలుపెట్టేశారు.

"మన రిహార్సల్‌లో ఒక్క రోజు కూడా తప్పకుండా, మొదటి రింగుకే లేచిన ఇల్లు ఒక్కటే ఉంది" అంటూ ఆ అమ్మాయిని ముందుకు పిలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. భాయ్‌ నేలచూపులు చూస్తున్నాడు. "మాట ప్రకారం వచ్చే ఏడు ఈ అమ్మాయికి సాయంత్రం క్లాసు అక్కర్లేదు" అన్నారు మేడమ్‌.

అమ్మాయి ముఖం మాడిపోయింది.

"నాకు ఒక్క దినం గూడ ఫోన్‌ రాలే మేడమ్‌" అంది. గొంతు చిన్నదే గాని గది అంతటికీ వినబడింది. "సార్‌ మర్చిపోయిండు, ఇగ నన్ను పొద్దుమీకి క్లాసుకే రమ్మంటరు అనుకున్న. మంచిగ పండుకున్న."

చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి. అందరూ నా వంక చూశారు, నేను భాయ్‌ వంక చూశాను.

"ఫోన్‌ నా జేబులుంటది సార్‌" అన్నాడు అతను చివరికి. "నేను మార్కెట్ల ఉంట. స్కానర్‌ పైసలు అండ్లనే వస్తయి, ఇంట్ల పెట్టి పోతే ఎట్ల? మీరు చేసినప్పుడల్ల ఇంటికి ఉరికి లేపుదమనిపిస్తది. గంత దూరం కెల్లి ఎట్ల లేపాలె?"

గదంతా ఘొల్లుమంది. "మార్కెట్ల కూసొని బిడ్డను సదివిస్తున్నవా భాయ్‌! మస్తుగుంది" అన్నారు పటేల్‌, కుర్చీలో ఊగుతూ.

నవ్వనిది ఒక్క ముసలామె. కొడుకు వైపు తిరిగి, "కైకు ఝూట్‌ బోల్యా రే? మేడమ్‌కు అబద్ధం జెప్తవా?" అని అతని భుజం మీద ఒక్కటిచ్చింది. తర్వాత మేడమ్‌తో తెలుగులో అంది: "నేను నమాజుకు లేస్త మేడమ్‌, దినాం. పిల్లను లేపాల్నని నాకెవలు జెప్పిండ్రు? దుప్పటి జారిపోతే నేనే కప్పుతున్న."

"ఇక నుంచి మీరు లేపండి దాదీ" అన్నారు మేడమ్‌ ఆశగా.

"లేప."

ముసలామె తల అడ్డంగా ఊపింది.

"రాత్రి దాంక కట్టలు కట్టి పండుకున్న పిల్లను లేపుడు ఏంది? కండ్ల నిద్ర పెట్టుకొని ఏం సదువుతది? పొద్దుమీకి మీరుంచుకోండ్రి. పొద్దుగాల నేను పండవెడ్త."

"మరి కట్టలు ఎవలు కడ్తరు అమ్మీ?" అన్నాడు భాయ్‌. కోపం కాదు, నిజంగానే పరేషాన్‌లో ఉన్నాడు. "కొత్తిమీర సగం దాని చేతి మీదనే పోతది. నీ వేళ్లు వంగుతయా?"

"వంగయి. కట్ట కట్టే పనిలేనిది ఎయ్యి. మీ అబ్బా సొరకాయలు ఏసెటోడు కాదా?"

"సొరపాదుకు పందిరెక్కడిది?"

ముసలామె చూపుడు వేలు నేరుగా పటేల్‌ మీదికి తిరిగింది. "పటేల్‌ సాబ్‌ గోడ లేదా? రోడ్డు పొడుగూత కట్టిండు. ఊకెనే నిలబడ్డది."

"నా వెంచర్‌ గోడ మీద సొరకాయలా!" అని పటేల్‌ లేచి నిలబడ్డారు. "ప్లాట్‌ చూడనీకి వచ్చినోడు ఏమనుకోవాలె?"

"నీళ్లున్నయి అనుకుంటడు పటేలా" అన్నాడు వెనకనుంచి ఎవరో. ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. పటేల్‌ కూడా నవ్వాపుకోలేక కూర్చున్నారు.

అమ్మాయి తండ్రి దగ్గరికి పోయి మెల్లగా అంది, "పాలకూర, మెంతికూర నేను ఐతారం కడ్త అబ్బా. కొత్తిమీర ఒక్కటే బంద్‌ పెట్టు." భాయ్‌ ఆమె ముఖంలోకి చూసి, మళ్లీ ఎటో చూస్తూ "సూద్దాం" అన్నాడు. రైతు నోట ఆ మాటకు అర్థం ఏదైనా కావచ్చు. మేడమ్‌ కూడా ఇంకేమీ రాబట్టలేక చాయ్‌ తెప్పించారు.

వేసవంతా నాకు ఏమీ తెలియలేదు. బడి తెరిచిన కొత్తలో, అత్వెల్లి దగ్గర రోడ్డుపక్క హోటల్లో చాయ్‌ తాగుతుంటే పటేల్‌ కనబడ్డారు. నన్ను చూడగానే ఫిర్యాదు మొదలు.

"మీ మేడమ్‌ పుణ్యమా అని నా గోడ పొంటి అంతా గుంతలే సార్‌. అడుగడుగుకు గుంత తీసి ఎరువు పోసిండు మీ భాయ్‌. అడిగితే, మీరు ఒద్దనలేదు గద పటేలా అంటుండు."

"అన్నారా, ఒద్దని?"

"యాడ? నవ్వొచ్చి మర్చిపోయిన."

ఆ చాయ్‌ పైసలు నేనే ఇచ్చాను.

వానలు పడ్డాక సొరపాదులు గోడెక్కాయి. గోడ నిండిపోయాక వెంచరు ముందున్న స్వాగత తోరణం ఎక్కాయి. 'స్వాగతం'లో మొదటి అక్షరం ఆకుల్లో దాక్కుంది, మిగతా అక్షరాల మీద తెల్లటి పూలు. ప్లాట్లు చూడడానికి కార్లో వచ్చినవాళ్లు ప్లాటు కొన్నారో లేదో గాని తలా ఒక కాయ కోయించుకుని పోతున్నారని పటేల్‌ ఊరంతా చెప్పుకుంటున్నారు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో బాధ మాత్రం కనబడదు. బళ్లో టీచర్లందరి ఇళ్లలో సొరకాయ కూర, సొరకాయ పప్పు, సొరకాయ హల్వా. మేడమ్‌ ఒకరోజు ఫోన్‌లో, "ఈ ఏడాది మా స్టాఫ్‌ అందరికీ చలవ చేసింది సార్‌" అన్నారు.

ఒక సాయంత్రం బడి వైపు నడిచాను. స్పెషల్‌ క్లాసు జరుగుతోంది. పిల్లల పక్కన పొట్లాల్లో ఉడకబెట్టిన శనగలు. కిటికీ పక్క బెంచీలో ఆ అమ్మాయి, ఆమె పక్కనే లెక్కల సారు. ఆయన వేలు నోట్‌బుక్కు మీద సగం దాటి కిందికి దిగుతోంది. "ఇక్కడ. చూసినవా? ఇక్కడిదాక కరెక్టే" అంటున్నాడు. ఆ పిల్ల తలెత్తలేదు. నేనూ పలకరించకుండా వచ్చేశాను.

ఆ ఏడాది మేడమ్‌ నాకు మళ్లీ ఐదు ఇళ్లిచ్చారు. భాయ్‌ ఇల్లు అందులో లేదు. కాని పాత అలవాటున ఒక తెల్లవారుజామున నా బొటనవేలు ఆ నంబరు మీదనే పడింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"పండుకుంది సార్‌" అన్నాడు నేనేమీ అడగకముందే. "ఖసమ్‌ సే, పండుకుంది. లెక్కలు జేసి జేసి పండుకున్నదంట. అమ్మీ దాని దగ్గరికి ఎవ్వర్ని రానిస్తలేదు."

అతని వెనక బండ్లు, హారన్లు, సందడి. ఎవరో సొరకాయ ఎట్లిస్తవని అరుస్తున్నారు.

"టీవీ గాదు సార్‌" అన్నాడు భాయ్‌.