చదివి సంతకం పెట్టని మొదటి ఉత్తరం

2007 సెప్టెంబరు. సికింద్రాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ విభాగం చూసేదాన్ని. ఇల్లు పద్మారావు నగర్‌లోనే కాబట్టి ఎనిమిదిన్నరకల్లా ఓపీలో ఉండేదాన్ని. సెప్టెంబరు వచ్చిందంటే రోగులతోపాటు మా డ్యూటీ డాక్టర్లు కూడా నా గది బయట నిలబడేవారు. ఎంబీబీఎస్ అయిపోయిన పిల్లలు. చేతిలో ఫైలు, మొహంలో మొహమాటం.

వాళ్లకు కావలసింది ఎల్‌ఓఆర్, అంటే సిఫార్సు లేఖ. అమెరికాలో రెసిడెన్సీ అంటే మన పీజీ లాంటిది. దానికి స్టెప్ అనే అక్కడి లైసెన్సు పరీక్షలు గట్టెక్కితే చాలదు, కలిసి పనిచేసిన పెద్ద డాక్టర్లు ముగ్గురైనా లేఖలు రాయాలి. లేఖతో జతచేసే కాగితంలో ‘ఈ లేఖ చూసే హక్కు వదులుకుంటున్నాను’ అని అభ్యర్థి సంతకం చేస్తారు. రాసేవాళ్లు మొహమాటం లేకుండా రాయాలని ఆ ఏర్పాటు. మా దగ్గర జరిగేది వేరు. లేఖ అభ్యర్థే రాసుకుని టైపు చేయించుకొచ్చేవారు. మేం లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి, కవరు అంటించి ఇచ్చేవాళ్లం. నేనూ అంతే. ఒక్కోసారి రౌండ్స్‌కు వెళ్తూ నిలబడే పెట్టేదాన్ని.

ఆ ఏడు శ్రీవల్లి వచ్చింది. మా దగ్గర రెండేళ్లుగా డ్యూటీ డాక్టరు. క్రితం ఏడాది అప్లై చేస్తే ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. “ఈసారీ రాకపోతే, చదువు అయిపోయి చాలా ఏళ్లయిందని పక్కన పెట్టేస్తారు మేడమ్” అంది. అది నిజమే. గడిచే ప్రతి ఏడాదీ వాళ్లకు ఒక మైనస్.

ఆ రోజు వినాయక నిమజ్జనం. దారులు మూసేయడంతో ఓపీ ఖాళీగా ఉంది. అందుకే ఆ లేఖ చదివాను. చేయడానికి వేరే పని లేక చదివానే తప్ప, అందులో నా గొప్పతనమేమీ లేదు.

మూడో పేరాలో ఒక కేసు గురించి ఉంది. మధ్యవయసు స్త్రీ పొట్ట పైభాగంలో ఇబ్బందిగా ఉందని వస్తే, డాక్టర్ శ్రీవల్లి గుండెపోటని అనుమానించి, వెంటనే ఈసీజీ తీయించి, ప్రాణం కాపాడారట.

ఆ మనిషి నాకు తెలుసు. పేరు యాదమ్మ, ఊరు మౌలాలి. 2006 ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం భర్త మల్లయ్య ఆటోలో తీసుకొచ్చాడు. క్యాజువాలిటీలో శ్రీవల్లి చూసి గ్యాస్ అనుకుని, ఇంజెక్షన్ చేయించి, బెంచీ మీద కూర్చోమంది. దాదాపు రెండు గంటల తర్వాత అటుగా వెళ్తున్న సిస్టర్ కరుణమ్మ, ఆవిడ చీర చెమటతో తడిసిపోవడం చూసి, ఎవరూ చెప్పకుండానే ఈసీజీ తీసింది. ఇన్‌ఫీరియర్ వాల్ ఎంఐ. అంటే గుండె కింది గోడ దెబ్బతినే గుండెపోటు. ఇందులో నొప్పి ఛాతీలో కాక పొట్టలో ఉన్నట్టు అనిపించడం మామూలే. ప్రాణం నిలబడింది కానీ గుండె బలహీనపడింది.

“ఈసీజీ తీయించింది నువ్వా?” అని అడిగాను.

“డ్యూటీ నాదే మేడమ్.”

“నేను అడిగింది అది కాదు.”

శ్రీవల్లి నెమ్మదిగా అంది. “అందరూ ఇలాగే రాసుకుంటారు మేడమ్. పోయినేడు మీరు దీనికే సంతకం పెట్టారు. మీకు అభ్యంతరం లేదనుకున్నాను.”

అమ్మాయి ఎదురు తిరిగి అన్నది కాదది. జరిగిందే చెప్పింది.

“దీనికి సంతకం పెట్టలేను. నేనే ఒకటి రాస్తాను. కానీ ఆ రోజు జరిగింది జరిగినట్టే ఉంటుంది. ఆలోచించుకుని చెప్పు” అన్నాను.

ఫైలు తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు రోజులు రౌండ్స్‌లో తప్ప నా ఎదుట పడలేదు. ఐదో రోజు కరుణమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. కరుణమ్మది గుంటూరు వైపు. ముప్ఫై ఏళ్ల సర్వీసు.

“ఇదంతా రాయకండి మేడమ్. పిల్ల బతుకు పాడైపోద్ది. నేను చూసిందేముంది, చీర తడిసిపోవడమేగా. ఎవరైనా చూస్తారు” అంది కరుణమ్మ.

“నేను చూడలేదుగా సిస్టర్” అంది శ్రీవల్లి. నావైపు తిరిగి, “మీరు రాయండి మేడమ్. దానికంటే ముందు యాదమ్మకు చెప్పాలి. సోమవారం చెకప్‌కి వస్తుంది. మీ గదిలోనే చెప్తాను, మీరు ఉండండి” అంది.

లేఖ సంగతి ఒక్కటే నేను అడిగింది. ఇది ఆ పిల్ల తనంతట తాను అనుకున్నది.

సోమవారం యాదమ్మ, మల్లయ్య వచ్చారు. శ్రీవల్లి కూర్చోలేదు. ఆ రోజు తను గ్యాస్ అనుకున్నానని, ఈసీజీ అప్పుడే తీయాల్సిందని, రెండు గంటలు ఆలస్యం చేసింది తనేనని చెప్పింది. బీపీ చూపించుకోవడానికి చాచిన చేయి యాదమ్మ వెనక్కి తీసుకోలేదు.

“నేను గప్పుడే జెప్పిన బిడ్డా. నొప్పి గాదు, బండ పెట్టినట్టు బరువుగుందని. నువ్వు రాసుకుంట ఉన్నవ్. ఇనలే” అంది.

మల్లయ్య తల దించుకునే అన్నాడు. “లేటుగ తెచ్చినవని గప్పుడు ఈడనే ఎవలో అన్నరు డాక్టరమ్మా. ఏడాదిన్నర సంది నా తప్పే అనుకుంటున్న. రెండు మెట్లెక్కితే దీనికి ఆయాసమొస్తది. చూసినప్పుడల్ల గదే యాదికొస్తది. ఆటో జెర జల్ది దొరికితే గిట్ల గాకపోవు అని.”

“మీ తప్పు కాదు. మీరు టైముకే తెచ్చారు. లేటు చేసింది నేనే” అంది శ్రీవల్లి.

అతను అవునని గానీ, క్షమించానని గానీ అనలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, మందుల చీటీ తీసుకుని, భార్యను లేవదీసి నడిపించుకుంటూ వెళ్లాడు. లేటుగా తెచ్చావన్న మాట ఆ రోజు అతనితో ఎవరన్నారో నాకు గుర్తులేదు. నేనే అయ్యుండొచ్చు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని లేఖ రాశాను. రెండు చిత్తుప్రతులు పాడయ్యాయి. పొగడటానికి మాటలు చేతికొచ్చినట్టు నిజం చెప్పడానికి రాలేదు. తప్పు రాశాను, కరుణమ్మ చేసింది రాశాను, సోమవారం నా గదిలో జరిగింది రాశాను. ఆ తప్పు జరిగాక ఈమె రోగి చెప్పేది పూర్తయ్యేదాకా పెన్ను పట్టుకోదని కూడా రాశాను. కవరు అంటించి, అతుకు మీద సంతకం చేసి ఇచ్చాను. లోపల ఏం రాశానని శ్రీవల్లి అడగలేదు.

ఆ ఏడాది రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. మార్చిలో ఫలితం వచ్చింది. సీటు రాలేదు. ఓపీ అయ్యాక నా ఎదురుగా కూర్చుని, “ఆ లేఖ వల్లేనా మేడమ్?” అని అడిగింది.

“తెలీదమ్మా. కావచ్చు” అన్నాను. ఆ కొన్ని నెలలు నాకు సరిగా నిద్రపట్టలేదు. నా తెలివితక్కువ నిజాయితీకి ఒక ఆడపిల్ల రెండేళ్ల కష్టం పోయిందేమోనని.

మళ్లీ సెప్టెంబరు వచ్చింది. శ్రీవల్లి లేఖ చూసే హక్కు వదులుకుంటూ సంతకం చేసిన కాగితం ఒక్కటే తెచ్చి టేబుల్ మీద పెట్టింది. డ్రాఫ్టు లేదు. “మార్చాలా?” అని అడిగితే, “వద్దు మేడమ్, అదే ఉండనివ్వండి” అంది. ఈసారి అమెరికాలో ఓ చిన్న ఊళ్లో ఇంటర్నల్ మెడిసిన్‌లో సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో యాదమ్మ గురించే చాలాసేపు అడిగారని చెప్పింది. ఆ లేఖ మొదటిసారి చెడగొట్టిందో, రెండోసారి సాయపడిందో, రెండూ కాదో నాకు ఇప్పటికీ తెలీదు.

తెలిసిందల్లా నా గురించి. అప్పటినుంచి ఎవరి లేఖైనా నేనే రాస్తాను, తెలియని విషయం రాయను. అడిగేవాళ్లు తగ్గిపోయారు. శ్రీవల్లి తన తప్పును ఎవరికి చెప్పాలో వాళ్ల ముందు నిలబడి చెప్పింది. అంతకు ముందు నేను చదవకుండా సంతకం పెట్టిన లేఖలు ఎన్నో, వాటిలో ఏమున్నాయో, ఎవరి పనికి ఎవరి పేరు పడిందో నాకు తెలీదు. ఆ కవర్లన్నీ అందాల్సిన చోటికి అందాయి. ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలో తెలియని తప్పు నాది.