కోసేసిన మెట్లు

పెనుకొండలోని ఆ ఇంటి గోడకు చెమ్మ లేదు. ఇది ముందే రాయాలి. ఉందని చెప్పినవాణ్ణి నేనే.

హిందూపురంలో నాది పటాలకు ఫ్రేములు కట్టే అంగడి. దేవుడి క్యాలెండర్లే ఎక్కువగా వస్తాయి. కింద వ్యాపారి పేరున్న పట్టీని కోసేసి అద్దం బిగించడం మా పద్ధతి. దేవుడి పాదాల కింద రైసుమిల్లు పేరు ఎవరికి కావాలి?

పెనుకొండ నుంచి ఒకామె తన నాయన దాచుకున్న పటం తెచ్చింది. ఆయన చదివిన విశ్వవిద్యాలయాన్ని ఎవరో నీటిరంగుల్లో వేస్తే, దాన్ని అచ్చురాతి పలకమీదికెక్కించి కాగితంపై తీసిన పాత అచ్చు. గుమ్మటాలు, వరండాలు, కిందంచున మెట్లు, వాటిని ఆనుకొని చిత్రకారుడి పేరు.

"నాయనకు అన్నీ మరుపేనన్నా. పొద్దున లేస్తూనే వేలితో ఈ మెట్లెక్కి క్లాసుకు మాత్రం పోయొస్తాడు" అని నవ్వింది.

కింద పేరు కనబడగానే నా చేయి కోసేసింది. పేరుతోపాటు మెట్లూ పోయాయి. తెలుసుకునేసరికి ఆ పట్టీ మైదా బంక ఉడికే పొయ్యిలో కాలిపోయింది.

"గోడ చెమ్మకు కిందంతా పుచ్చిపోయిండాదమ్మా, అందుకే కోసినా" అన్నాను. ఆమె నమ్మి, అదే మాట నాయనకు చెప్పింది.

పటం తగిలించడానికి వాళ్లింటికి వెళ్లాను. ముసలాయన వేలు కిందంచున తడుముకుంది.

"మెట్లు యాడ? లోపలికెట్ల పోవల్ల?" కూతురి వైపు తిరిగాడు. "చెమ్మకు పెట్టి పోగొట్టినావు గదే! నీ చేతి కూడు నాకొద్దు."

నేను పటం తగిలించి బయటపడ్డాను.

ఆమె చేతి కూడు ఆయన ముట్టడం లేదని విని ధర్మవరం పరుగెత్తాను. అక్కడ చీరల డిజైన్లు గీసే ఆయన్ను బతిమాలాను.

"ఏమప్పా, చీర అంచులు గీసేటోనితో కాలేజీ కట్టిస్తాండావే!" అని ఎగతాళి చేస్తూనే మెట్లు గీసిచ్చాడు.

వాటిని పటం కింద అతికించి తీసుకెళ్లాను. ముసలాయన తాకి, వేలు వెనక్కి తీసుకున్నాడు. "ఇవి నావి కావు."

"సార్, కోసింది నేను. చెమ్మ అబద్ధం. మీ బిడ్డది తప్పు లేదు."

"ఎవరప్పా నువ్వు?"

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే అడిగాడు. ఎన్నిసార్లు చెప్పినా నా మాట ఆయనలో నిలవలేదు. కూతురు సంగటి తేగానే మాత్రం మొహం తిప్పుకున్నాడు. ఆ కోపమొక్కటీ ఆయన మరవలేదు.

ఆమె అంతా విన్నది. సంగటి తట్ట నా చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టన్నా. నీ చేత్తో అయితే తింటాడు."

ముద్ద అందించాను. ఆయన నోరు తెరిచాడు.