చిట్కుల్ నెట్ సెంటర్‌లో తాళం గుర్తు

చిట్కుల్‌లో నెట్ సెంటర్ నడిపిన, అందరూ అన్న అని పిలిచే మనిషి శుక్రవారం ఉదయం చనిపోయాడు. పద్నాలుగు నెలల కిందట తలకు తగిలిన దెబ్బే కారణమని డాక్టర్లు చెప్పారు. ఆ దెబ్బ వెనుక నా తప్పు కూడా ఉంది. అది రాయకుండా ఆయన గురించి రాయలేను.

కార్మికుల ఫిర్యాదుల కోసం మా పత్రిక వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉండేది. ఓ రోజు అన్న దాన్ని తెరిచి, అడ్రసు పక్కన వేలు పెట్టి చూపించాడు.

"మీ పేజీకి తాళం గుర్తు లేదు సార్. గిది మూత లేని డ్రమ్ము. దారిల ఎవడైనా తొంగి సూస్తడు."

తాళం ఉంటే రాసిన మాటలు అర్థంకాని అక్షరాలుగా మారి వెళ్తాయన్నాడు. లేకపోతే, వైఫై ఎవరిదైతే వాడు ఉన్నదున్నట్టు చదవగలడు. ఆఫీసులో చెబుతానన్నాను. చెప్పలేదు.

బొల్లారంలో రసాయన ఫ్యాక్టరీ రియాక్టర్ దగ్గర చేతులు కాలిన ఓ కార్మికుడు ఆ పేజీలోనే ఫిర్యాదు రాశాడు. అతను ఉన్నది లేబర్ కాంట్రాక్టర్ ఇచ్చిన గది, వాడింది ఆ కాంట్రాక్టర్ వైఫై. నాకంటే ముందే కాంట్రాక్టర్ మనుషులు చదివారు. మర్నాడు షిఫ్టు బస్సు నుంచి దింపి, ఇనుప రాడ్లతో రెండు మోకాళ్లూ విరగ్గొట్టారు. కొడుతూ అతను రాసిన వాక్యాలనే అతనికి అప్పజెప్పారు.

ఆ కార్మికుణ్ణి చూడ్డానికి వెళ్లిన ఆస్పత్రిలో అన్న నన్ను తిట్టలేదు. "ఇగనన్న తాళం ఎయ్యుండ్రి సార్" అన్నాడు. వేయించాను.

తర్వాత కార్మికులు కాంట్రాక్టర్ వైఫైకి భయపడి ఆయన దుకాణం నుంచే ఫిర్యాదులు పంపేవారు. ఎవరొచ్చినా ముందు తెర మీద తాళం కనిపించే పై మూల వేలితో తట్టేవాడు. నెట్‌లో పెళ్లి సంబంధాలు వెతుక్కునే ఓ లోడింగ్ కూలీతో, "పిల్ల ఫోటో తర్వాత సూడు, ముందుగాల తాళం సూడు. గదైనా దారికే కావలి. అవతల కూసున్నోడు దొంగైతే దానికేం ఎరుక?" అన్నాడు.

ఓ మధ్యాహ్నం కాంట్రాక్టర్ మనుషులు ముగ్గురు వచ్చి షట్టర్ సగం దించారు. కార్మికులు ఏం రాస్తున్నారని అడిగారు.

"తాళం ఏసినంక నాగ్గూడ కనవడది" అన్నాడట. పక్క టిఫిన్ సెంటర్ ఆమె విన్నది.

అది నిజమే. కానీ అక్కడ ఫిర్యాదులు రాసినవాళ్ల ముఖాలు, పేర్లు ఆయనకు తెలుసు. వాటి కోసం కుడిచేయి బల్ల మీద పెట్టించి రాడ్‌తో కొట్టారు. చూపుడు వేలు నలిగింది. తర్వాత తల మీద కొట్టారు. ఒక్క పేరు కూడా చెప్పలేదు.

వేలు వంకరగానే అతుక్కుంది. దానితోనే తట్టేవాడు.

కొన్ని వారాలుగా మూసి ఉన్న దుకాణాన్ని శనివారం ఆయన భార్య తెరిచింది. ఆరు తెరల మీదా దుమ్ము ఉంది. ఎడమవైపు పై మూలన, అన్నింటి మీదా ఒకే చోట, జిడ్డు మరక. ఆమె గుడ్డతో ఒక్కో తెర తుడిచింది. ఆ మూల మాత్రం వదిలేసింది.