టేకు తోపులో వాన

ఒట్టు వేయడానికి నాకు తమ్ముడొక్కడే ఉండేవాడు. ఇప్పుడు వాడూ లేడు. అయినా ఇది నిజంగా జరిగింది.

తొలకరి పడి కొన్నాళ్లే అయింది. తమ్ముడు ఈరన్న డయాలసిస్ మీద బతుకుతున్నాడు. ఆ రాత్రి ఆయాసం ఎక్కువైతే బండ్రి నుంచి బళ్లారి ఆసుపత్రికి ఆటోలో బయలుదేరాం. అడవి మధ్యలో టైరు పోయింది.

"ఏం బసప్పా, ఎలక్షన్లో ఊరంతా తిప్పినావు, అప్పుడు పోలేదే నీ టైరు?" అన్నాడు ఈరన్న, ఆయాసపడుతూనే.

"నీ బరువుకే పోయిండేది, ఊకోన్నా," అన్నాడు ఆటో బసప్ప. ఫోను కలవలేదు. "ఈడే ఉండక్కా, బేగ వేరే బండి తెస్తా," అంటూ రోడ్డు వెంట పరుగెత్తాడు.

ఇద్దరమే మిగిలాం. చుట్టూ టేకు చెట్లు.

అప్పుడు వినిపించింది... సన్నగా. ఆకుల మీద తుంపర పడుతున్నట్టు.

"వాన వస్తాండాదక్కా. రోన్ని నీళ్లియ్యి."

డాక్టరు ఆ రోజుకు తాగమన్న నీళ్లు వాడు అప్పటికే తాగేశాడు. ఇంకా తాగితే ఊపిరాడదు. సీసా నా ఒళ్లో ఉంది. మూత తీయలేదు.

తల బయట పెట్టాను. ఆకాశం నిండా చుక్కలు. చేతి మీద నల్లటి గింజలు రాలాయి... ఆవాల కంటే సన్నం. ఫోను లైటు పైకి వేశాను. లేతాకుల నిండా పురుగులు. తింటున్నాయి. రాలుతున్నది వాటి పెంట.

"వాన కాదప్పా, పురుగులు."

"ఊరికే చెప్తావు," అని చెయ్యి బయటికి చాపాడు. అరచెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. గుటక వేసిన చప్పుడు... నేను విన్నాను.

"సల్లగుండాయి," అన్నాడు.

చప్పుడు ఆగింది.

మెల్లగా కాదు. తోపు మొత్తం... ఒక్కసారిగా. మళ్లీ లైటు వేశాను. పురుగులు ఆకులకు అంటుకునే ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. వాడి గడ్డం తడిమాను. తడిగా ఉంది. "ఈరన్నా," అన్నాను. భుజం కుదిపాను...

బసప్ప జీపు తెచ్చేసరికి ప్రాణం లేదు.

తర్వాత దొరికినవన్నీ చదివాను. తొలకరి చిగురుకు ఒక పురుగు. దసరా ముందు ముదురాకుకు ఇంకొకటి. అది ఈనెలు వదిలి పచ్చదనమంతా తింటుంది. మోడైన చెట్టు మళ్లీ చిగురిస్తుంది. తోపంతా ఒకేసారి ఎందుకు ఆగుతుందో ఎక్కడా లేదు.

ఈ ఏడు తొలకరి తర్వాత అక్కడ బస్సు దిగాను. చప్పుడు ఉంది. చీకటి పడేదాకా నిలబడ్డాను. చప్పట్లు కొట్టాను. అరిచాను. వాడి పేరు పెట్టి కూడా పిలిచాను.

అవి తింటూనే ఉన్నాయి.