నవాబు ముందు ఆపా సద్ది

ఉదయాన్నే మునగరెమ్మ పట్టుకుని ఆకు దూస్తుంటే వేళ్లకు ఒక పచ్చి వాసన అంటుకుంటుంది. కొంచెం ఘాటు, కొంచెం చేదు. సబ్బు పెట్టి కడిగినా మధ్యాహ్నం దాకా వదలదు. ఆ వాసన తగిలిందంటే చాలు, నాకు అఫ్సర్ ఆపా గొంతు వినిపిస్తుంది. "గట్ల పీకకే సుజాతా, చెట్టు నీకేమన్న దుష్మనా?" బాన్సువాడలో వర్ని వెళ్లే రోడ్డు పక్కన ఆమెకు మొక్కల నర్సరీ ఉండేది. డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తోచక ఇంట్లో కూర్చున్న నన్ను మా అమ్మే తీసుకెళ్లి అక్కడ పనికి పెట్టింది. నాలుగు నెలలు చేసి మానేద్దామనుకున్నాను. ఆపా పోయేదాకా ఉన్నాను. ఇప్పుడు ఆ నర్సరీ నేనే నడుపుతున్నాను.

ఆపా మంచి మనిషే గానీ నోరు మాత్రం మంచిది కాదు. ఆమె నాలుక్కి భయపడే చాలామంది బేరం చేయకుండా మొక్కలు కొనుక్కుని వెళ్లేవారు. "ఈ మామిడి ఎప్పుడు కాస్తది ఆపా?" అని పాపం ఒకాయన అడిగితే, "నువ్వు పుట్టంగనే నౌకరి చేసినవా?" అంది. అంత తొందర మనిషి మొక్కల దగ్గర మాత్రం వేరే మనిషైపోయేది. దూరం నుంచి లారీలో మొక్కలు వచ్చిన రోజున మాకందరికీ ఒకటే హుకుం: ఎవరూ ముట్టుకోకూడదు. కుండీ మార్చకూడదు, కొమ్మ కత్తిరించకూడదు, ఎరువు వేయకూడదు. గ్రీన్ నెట్ కింద నీడలో పెట్టి, నీళ్లు చల్లి వదిలేయాలి. వేలాడిపోయిన ఆకులు వాటంతట అవే లేచేదాకా ఆమె కూడా చేతులు వెనక్కి కట్టుకునే తిరిగేది. కొనేవాళ్లు వచ్చి తొందరపెడితే, "అవి సుట్టాలొచ్చినట్టు వచ్చినయి, జర దమ్ము తీస్కోనియ్యి" అనేది.

ఒకరోజు ఫోను బాగుచేయించుకోవడానికి బజారుకు వెళ్లాం. ఫోన్ల దుకాణంలో మెట్ల కింద ఒక చేపల తొట్టి ఉంది. నీళ్లు లేవు. అందులో బూడిదరంగులో ఏదో వంకరగా పడి ఉంది. ముందు చచ్చిపోయిన తొండ అనుకున్నాను, కానీ తొండ మూరెడు ఉండదు కదా. దాని వీపు పొడుగునా ముళ్లలాంటి వరుస, గొంతు కింద వేలాడే తోలు సంచి. దుకాణం యజమాని పట్నంలో కొని తెచ్చాడట, ఇగువానా అంటారట, ఎక్కడో వేరే ఖండపు అడవుల జంతువు. మొదట్లో దానితో వీడియోలు తీసి పెడితే బాగా చూశారట. తర్వాత ఎవరూ చూడలేదు, ఇతనూ చూడలేదు.

"ఏం పెడుతున్నవ్ దీనికి?" అంది ఆపా.

"ఉడుము లెక్కనే ఉన్నది గద ఆపా. కోడిగుడ్డు, చికెన్ ముక్కలు పెడుతున్న. మస్తు ఖర్చు. అయినా తింటలేదు."

మా వైపు ఎవరైనా చేసే పొరపాటే అది. ఉడుము మాంసం తింటుంది, ఇది ఉడుములా ఉంది, కాబట్టి ఇదీ మాంసం తినాలి. మా ఇంట్లో ఉన్నా మేమూ అదే పెట్టేవాళ్లం. ఆపా మాత్రం, సరదాకు తెచ్చి మూల పడేసినందుకు, అతన్ని బజారంతా వినేలా ఉతికి ఆరేసింది. అతను బరువు దిగినట్టు తొట్టితో సహా ఇచ్చేశాడు. ఆటోలో ఆపా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, బల్లిని చూస్తేనే కెవ్వుమనే నేను డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడుతూ వచ్చాను.

దారిలోనే పశువుల దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు నిజాయితీపరుడు. "నేను బర్లను, మేకలను చూసేటోన్ని ఆపా, దీన్ని పుస్తకంలనే చూసిన" అని, పట్నంలో ఇలాంటివాటికి వైద్యం చేసే తన స్నేహితుడికి ఫోన్ చేసి అన్నీ అడిగాడు. ఇది ఆకులు మాత్రమే తినే జంతువట. మాంసంతో లోపల దెబ్బతిన్నది, ఎండ తగలక ఎముకలు మెత్తబడ్డాయి, అందుకే కాళ్లు వణుకుతున్నాయి. నేరుగా పడే ఎండ కావాలి, అద్దంలోంచి వచ్చేది పనికిరాదు. రోజూ గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచాలి. తర్వాత దాని తల మీద ఒక చిన్న చుక్కను చూపించి, "ఇది మూడో కన్నట. బొమ్మ కనపడది గని, మీదికెల్లి నీడ పోతే ఎరుక పడతదట" అన్నాడు. నేను భయం మరిచి వంగి చూశాను. ఈశ్వరుడికి తప్ప ఇంకెవరికీ ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. వచ్చేటప్పుడు డాక్టరు మెల్లగా చెప్పాడు. "తనంత తాను తింటే బతుకుతది. లేకుంటే కష్టం."

సపోటా చెట్టు కింద, సగం ఎండ సగం నీడ పడేచోట, వెదురు తడకలతో ఆపా దానికి ఇల్లు కట్టించింది. అంత నీరసంలోనూ తల ఎత్తి మమ్మల్ని చిన్నచూపు చూస్తుందని నవాబు అని పేరు పెట్టింది. రోజూ మునగాకు, మందారపూలు, సన్నగా తరిగిన గుమ్మడికాయ పెట్టేవాళ్లం. సాయంత్రానికి అన్నీ అలాగే వాడిపోయి ఉండేవి. డొక్కలు లోపలికి పోయాయి. నాకు ఏడుపొచ్చేది. "నోరు తెరిచి పెడదాం ఆపా, సచ్చిపోతది" అన్నాను.

"ఇన్నొద్దులు అందరు దాన్ని పట్టుకుని గుంజినోల్లే. మనం గుడ గుంజుదామా?"

"మరి ఊకే సూసుకుంట కూసుందామా?"

"కూసుందాం."

నిజంగానే కూర్చుంది. అంతకుముందు ఆపా లోపల గదిలో, ఫ్యాను కింద తినేది. ఆ రోజు నుంచి సద్దిగిన్నె పట్టుకుని తడక పక్కన నేల మీద చతికిలబడేది. రొట్టె తుంచి, పప్పులో అద్దుకుని, దానికేసి చూడకుండా నిదానంగా నమిలేది. "ఒక్కదానికే పెట్టి అందరు మీద నిలబడి సూస్తుంటే నీకు ముద్ద దిగుతదా?" అనేది. వచ్చినవాళ్లు నవ్వుకునేవారు. నేనూ నవ్వాను, మొదట్లో. పిట్లం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఎప్పుడూ మొక్కలు కొనేవాడే, మోకాళ్ల నొప్పులకు ఉడుము నూనె మంచిదని, ఎలాగూ చచ్చేదే కదా, ఇచ్చేయమని అడిగాడు. ఆపా ముద్ద దించకుండానే, "కాక, నీ మోకాళ్లు నడిస్తే బాగయితయి. పిట్లం దాక నడువు" అంది.

ఒక మధ్యాహ్నం గద్ద ఒకటి పైనుంచి వెళ్లింది. దాని నీడ తడక మీదుగా జారింది. అప్పటిదాకా రాయిలా పడి ఉన్న నవాబు తల పక్కకు వంచి, ఒక కన్ను ఆకాశానికి పెట్టింది. ఆ కంటిలో బతకాలన్న తెలివి కనిపించింది. తర్వాత తల దించి, ఆపా వైపు చూసి, ముందు కాలు కదిపి, మందారపువ్వు ఒకటి నోట పట్టుకుంది. ఎర్రటి రేకు ఆ బూడిదరంగు నోట్లోకి కొంచెం కొంచెంగా పోతుంటే సంతోషంతో అరవబోయాను. ఆపా కన్నెర్ర చేసింది. చేతిలో రొట్టెముక్క అలాగే పట్టుకుని, తాను నమలడం కూడా ఆపకుండా, చెంపల మీద నీళ్లు కారుతుంటే తినసాగింది. పువ్వంతా అయిపోయాక గాని మాట్లాడలేదు. "సూసినవా నవాబు సాబ్ నఖరాలు? మునగాకు వద్దంట, పూలే గావాలె!"

ఆ తర్వాత జరిగింది నా కళ్లతో చూడకపోతే నేను నమ్మేదాన్ని కాదు. వేళ్లకు బిగుసుకుపోయిన పాత చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. కింద నుంచి వరినారు రంగు బయటపడింది. ఎండ పడితే మెడ దగ్గర నీలం మెరిసేది. వణికిన ఆ కాళ్లతోనే సపోటా చెట్టు చివరికొమ్మ దాకా ఎక్కి కూర్చునేది. ఒకసారి అక్కడి నుంచి జారి నా భుజం మీద పడింది. ఇంటికెళ్లి చెబితే మా అమ్మ పంచాంగం తీసి బల్లిపాటు ఫలితం వెతికి, "గింత పెద్దదానికి దీంట్ల లెక్క లేదే" అని మూసేసింది.

ఆపా దాన్ని ఎన్నడూ నిమరలేదు. స్నానానికి, దవాఖానకు ఎత్తుకునేది, అంతే. పని కాగానే చేతులు వెనక్కి.

ఆపా జబ్బుపడి, నిజామాబాద్ దవాఖాన నుంచి ఇక లాభం లేదని ఇంటికి పంపినప్పుడు, నవాబును చూపిద్దామని నేనే బుట్టలో పెట్టుకుని తీసుకెళ్లాను. అప్పటికి నా భయం పోయింది. ఆమె చిక్కి సగమైంది. తిట్టడానికి కూడా ఓపిక లేదు, అదే నాకు ఎక్కువ దుఃఖమనిపించింది. బుట్టమూత తీసి నేల మీద పెట్టాను. కొత్తచోటు. గోడ ఎక్కుతుందేమో, మంచం కింద దూరుతుందేమో అనుకున్నాను. నాలుక చాపి గాలి చూసింది. మెల్లగా మంచంకోడు పట్టుకుని పైకెక్కింది. దుప్పటి మీదుగా నడిచి, ఆపా చేతి పక్కన, కిటికీలోంచి ఎండ పడుతున్నచోట పొట్ట ఆనించి పడుకుని కళ్లు మూసుకుంది.

నాకు ఏడుపు ఆగలేదు. "ముట్టుకో ఆపా, ఒక్కసారి ముట్టుకో" అన్నాను.

ఆమె చేయి కదపలేదు. దానికేసే చూస్తూ, చాలా సంతోషంగా అంది.

"అదే వచ్చింది గదనే. ఇంకేం గావాలె?"