ముందు సీట్ల అత్తమ్మ

మొన్న ఐతారం మా అంబాసిడర్ కోహీర్ దాకా పోయొచ్చింది. సక్కగ పోయింది, సక్కగ వచ్చింది. కానీ అది సక్కగ ఎందుకు పోయిందో మా అత్తమ్మకు ఇప్పటికీ తెల్వదు. మీరు గూడ చెప్పొద్దు, మీకు దండం పెడ్త! ఛాయ్ తాగుకుంట వినున్రి.

అది మా మామయ్య బండి. ఆయన పోయినంక అత్తమ్మ దాన్ని రాయికోడ్ నుంచి తెప్పిచ్చి మా జహీరాబాద్ ఇంటి వాకిట్ల పెట్టిచ్చింది. పెట్టిన కాడ నుంచి అది కదిలితే ఒట్టు. ఇంజన్ మంచిగనే ఉన్నది. రోగమంతా ముందు చక్రాల కాడ. గుంతల పడితే కటకట, స్టీరింగ్ ఒక దిక్కు తిప్పితే బండి ఇంకో దిక్కు.

నా భార్య సుజాతకు దాన్ని చూస్తే మంట. స్కూటీ పెట్టుకుందామంటే జాగ లేదు. దాంతోటి పగ తీర్చుకున్నట్టు, ఇంట్ల పట్టని సామానంతా తీస్కపోయి కార్ల ఏసుడు మొదలువెట్టింది. పాత పరుపులు అండ్లనే, కూలర్ అండ్లనే. ఆఖరికి వాళ్ళమ్మకు ఫోన్ కొట్టింది. అత్తమ్మ తీర్పు చెప్పింది.

"కోహీర్ల మా చెల్లె ఇంటి గృహప్రవేశం ఉన్నది గద, అల్లున్ని ఆ బండ్లనే నన్ను తీస్కపొమ్మను. సక్కగ పోతే ఉంచుకోండ్రి. లేకుంటే తుక్కోనికి ఇచ్చేద్దం."

ఫోన్ స్పీకర్ల పెట్టి ఉన్నది, నేను పక్కనే ఉన్న. అయినా నాతోటి అనదు! ఎందుకంటే మా అత్తమ్మ పాతకాలం మనిషి. అల్లుని ముంగట కుర్చీల కూసోదు, అల్లునితోటి సీదా మాట్లాడదు. నేను ఎదురుంగ కూసోని ఉన్నా "సుజాతా, అల్లునికి ఇంకో రొట్టె కావాల్నా అడుగు" అంటది. సుజాత నన్ను అడుగుతది. నేను సుజాతకు చెప్త. ఈ లోపల రొట్టె సల్లారిపోతది.

నాకేమో ఆ బండి అంటే పానం. పెండ్లి చూపులకు పోయిన్నాడు మామయ్య నన్ను బస్టాండ్ నుంచి అండ్లనే తీస్కపోయిండు. దాన్ని తుక్కోడు సుత్తెతోటి కొడుతుంటే చూసుడు నాతోని కాదు. అందుకే రొమ్ము విరుచుకొని, "మెకానిక్ ఎందుకు? నేనే ఇప్పదీసి బాగు జేస్త. సస్పెన్షన్ అంటే ఏంది, ఫిజిక్సే గద!" అన్న. నేను జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్త మరి. ఆ మాట అనకుండ ఉంటే ఎంత బాగుండు!

తోడుకు మా దోస్తు ఖాజా భాయ్ వచ్చిండు. ఆయనది ట్రాక్టర్ల షెడ్. ఏ రోగానికైన ఆయన కాడ ఒకటే మందు, పెద్ద సుత్తె. ఇద్దరం కలిసి జాకీ పెట్టినం, చక్రాలు పీకినం, షాకబ్జర్లు ఇప్పినం. అరిగిపోయిన రబ్బరు బుష్షులు చేతుల్ల పొడి పొడిగ రాలిపోయినయ్. జామైన నట్లు రాకపోతే ఖాజా భాయ్ మందు ఏసిండు, వచ్చినయ్. ఒక్కొక్క పార్టును కిరోసిన్ల, అదే గ్యాస్‌నూనెల నానవెట్టి, బ్రష్షుతోటి తోమి, నల్ల రంగేసి, దండెం మీద ఆరవెట్టినం. పక్కింటోళ్ళు గోడ మీదికెళ్ళి తొంగి చూసి, "ఏం సార్, దుకాణం పెడుతున్నరా?" అన్నరు.

"నా బగారన్నం వండే గంజు ఏది?" అని లోపల నుంచి సుజాత ఒక్కటే లొల్లి. గంజు గ్యాస్‌నూనెతోటి బండి కింద ఉన్నది. దాని గురించి ఇంకెప్పుడన్న మాట్లాడుకుందం.

ఇగ అసలు సంగతి. ఈ బండికి ముందల మామూలు స్ప్రింగులు ఉండయి. కింద రెండు పక్కల పొడుగు ఉక్కు కడ్డీలు ఉంటయ్. అవే మెలివడి బరువు మోస్తయ్. కడ్డీ కొసకు పండ్లుంటయ్. ఒక్క పన్ను జరిపితే ఆ పక్క బండి లేస్తది, ఇంకో దిక్కు జరిపితే దిగుతది. రెండు పక్కలు సమానం రావాలె. గంతే!

శనివారం అన్ని బిగిచ్చి బండిని కిందికి దించినం. కొత్త బుష్షులు, కొత్త రంగు, పెండ్లికొడుకు లెక్క ఉన్నది. ఎత్తు కొలుసుటానికి మట్టం తెద్దామని ఇద్దరం షెడ్‌కు పోయినం. పోతుంటే మొగులైంది, నాలుగు సినుకులు పడ్డయి. మేం తిరిగొచ్చేవరకు సుజాత బండి మీద తాడిపత్రి కప్పి పెట్టింది. అబ్బ, నా బండి మీద ఈమెకు ఎంత ప్రేమ వచ్చింది అని మురిసిపోయిన.

తాడిపత్రి ముందల కొంచెం పైకి మలిచి కొలిస్తే, ఎడమ పక్క కిందికి ఉన్నది.

"ఇదేంది భాయ్?"

ఖాజా భాయ్ కడ్డీని తట్టి చూసిండు, డాక్టర్ నాడి చూసినట్టు. "పాత లోహం సార్, అలిసిపోయింది."

నేను గూడ గడ్డం గోక్కుంట, "అవునవును, మెటల్ ఫెటీగ్" అన్న. ఇంగ్లీషుల అనేవరకు ఇద్దరికీ నమ్మకం కుదిరింది. జాకీ పెట్టినం, ఎడమ కడ్డీ ఒక పన్ను జరిపినం. ఇంకా తక్కువనే ఉన్నది. ఇంకో పన్ను. మట్టంల బుడగ సరిగ్గ నడిమిట్ల నిలవడ్డది! ఖాజా భాయ్ నన్ను అలాయ్ బలాయ్ తీసుకున్నడు. ఉస్మానియా బిస్కెట్లు తెప్పిచ్చుకొని తిన్నం.

ఐతారం పొద్దున అత్తమ్మ పట్టుచీర కట్టుకొని, చేతుల పండ్ల బుట్టతోటి రాయికోడ్ నుంచి దిగింది. నేను ఘనంగ తాడిపత్రి గుంజవోయిన.

"జర ఆగు, కందులు దించుకోవాలె" అన్నది సుజాత.

"ఏం కందులు?"

"నిన్న తమ్ముడు పంపిండు గద, రెండు బస్తాలు. వాన వచ్చే, నువ్వు లేకపోతివి. వెనక సీట్ల నీ సామాన్లు, పరుపులు. అందుకే ముందు సీట్ల పెట్టిచ్చి కప్పిన. దాల్ మిల్లుకు తీస్కపోతందుకు ఆటో వచ్చింది."

ముందు సీటు. ఎడమ పక్క.

ఆటో అతను ఒక బస్తా ఎత్తిండు. బండి ఎడమ భుజం కొంచెం లేచింది. రెండోది ఎత్తిండు, ఇంకింత లేచింది. ఆటో పోయింది. మా బండి మాత్రం ఒక కనుబొమ్మ ఎగరేసి, "ఏం సార్, మెటల్ ఫెటీగా?" అని అడిగినట్టు నిలవడ్డది. బరువు గురించి పాఠం చెప్పి జీతం తీసుకునేటోన్ని నేను!

మల్ల ఇప్పి బిగిద్దామంటే టైం లేదు. అవతల ముహూర్తం దాటిపోతది. సుజాతను పక్కకు పిలిచి మెల్లగ సంగతి చెప్పిన. ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లె కుక్కుకున్నది.

"నువ్వు ముందల కూసో" అన్న. కూసున్నది. బండి ఇంచు గూడ దిగలే. "నీ బరువు సాలదు" అన్న. పెండ్లైన కాడ నుంచి నా నోట్లెకెళ్ళి వచ్చిన మాటల్ల ఆమెకు బాగ నచ్చింది అదొక్కటే అనుకుంట.

ఇద్దరం ఒక్కసారే అత్తమ్మ దిక్కు చూసినం. తప్పుగ అనుకోకున్రి, ఆమె జర భారీ మనిషి. కానీ ఎట్ల? అల్లుని ముంగట కుర్చీలనే కూసోని మనిషి, అల్లునితోటి ఒక్క సీటు మీద కూసుంటదా? ఆ బండ్ల ముందు సీటు బెంచీ లెక్క ఒకటే ఉంటది!

"రామ రామ! నేను ఎనకనే కూసుంట" అన్నది, పైట తల మీదికి గుంజుకొని.

సుజాత అడిగింది, "అమ్మా, నాయిన ఉన్నప్పుడు నువ్వు ఎన్నడన్న ముందల కూసున్నవా?"

అత్తమ్మ చేతుల బుట్టను సర్దుకున్నది. "ఏడ కూసుంట బిడ్డా. ఆయన పక్కన ఎప్పుడు ఆయన దోస్తులే. నేను ఎనక మీ ముగ్గురితోటి, మూటలతోటి."

నాకు మనసుల ఎట్లనో అయింది. నా అవసరం కొద్ది వచ్చిన మాట అది. తలుపు తీసి పట్టుకున్న. అత్తమ్మ ఎక్కింది. ఎక్కి, మా ఇద్దరి నడిమిట్ల పండ్ల బుట్ట పెట్టుకున్నది, సరిహద్దు రాయి లెక్క. బండి మెల్లగ దిగి, సమానమైంది. ఎనక సీటు మీది పరుపులు దించేసి, ఆ జాగల సుజాత ఎక్కింది.

దోస్తులారా, ఏం పోయింది బండి! గుంతలల్ల చప్పుడు లేదు, స్టీరింగ్ వేలుతోటి తిప్పుతే తిరుగుతున్నది. అత్తమ్మ అద్దంల నుంచి చెరుకు తోటలు చూసుకుంట, "సుజాతా, అల్లున్ని జర మెల్లగ పొమ్మను, అన్ని కనవడుతున్నయ్" అన్నది. ఎనక నుంచి సుజాత, "జర మెల్లగ పో" అన్నది. "సరే అని చెప్పు" అన్న నేను.

కోహీర్ల కొత్తింటి ముంగట చుట్టాలందరు నిలవడి ఉన్నరు. అత్తమ్మ కాలు కింద పెట్టింది. బండి ఎడమ పక్క, అందరి ముంగట, నిదానంగ, నిండుగ లేచింది.

అందరు చూసిన్రు. అత్తమ్మ గూడ తిరిగి చూసింది. అయిపాయె, బండి తుక్కుకే పోతదనుకున్న. ఆమె బండి దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. పెండ్లైన కాడ నుంచి మొదటిసారి సీదా నాతోటే మాట్లాడింది.

"అల్లుడా! నేను దిగంగనే బండి గూడ లేచి నిలవడ్డది సూడు. మీ మామ ఉన్నప్పుడు దీనికి గింత మర్యాద లేకుండె. దీన్ని అమ్మొద్దు."

చుట్టాలందరు నా దిక్కు గౌరవంగ చూసిన్రు. నేను గూడ వినయంగ తల వంచుకున్న. ఇంకేం జేస్త?

ఇంటికొచ్చినంక సరిజేద్దామని పానా పట్టుకుంటే సుజాత గుంజుకొని దాచిపెట్టింది. "అది సమానమైతే మా అమ్మ మల్ల ఎనక సీట్లకే పోతది. ముట్టుకున్నవో, చూడు!" అన్నది. సరే అని ఊకున్న.

నిన్న అత్తమ్మను మోకాళ్ళ నొప్పులని దవాఖానకు తీస్కపోయినం, ముందు సీట్లనే. డాక్టర్ జర బరువు తగ్గమన్నడు. ఆమె గూడ, "రేపటి సంది తగ్గుత" అని మాటిచ్చింది. ఇంట్ల అందరు సంబురపడ్డరు. నేనొక్కన్నే, పొద్దటి సంది, సుజాత ఆ పానా ఏడ దాచిందో ఎతుకుతున్న.