నాలుగు శ్రుతి

శనివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఆంటీ కుక్కర్ కింద మంట తగ్గించి, బల్ల మీద ఉన్న నా ఫోన్ వైపు చెయ్యి చూపించి, "అది ఆపమ్మాయ్," అన్నారు. అప్పటికి ఇరవై నిమిషాలుగా ఆవిడ మాటలు రికార్డు చేస్తున్నాను. ఆపాను.

అప్పుడు నేను సిడ్నీలో మాస్టర్స్ రెండో ఏడు చదువుతూ, టూంగాబీలో ఆంటీ, అంకుల్ వాళ్ళింటి వెనక గదిలో అద్దెకు ఉండేదాన్ని. ఆదివారం ఉదయం అరగంటసేపు వచ్చే ఒక తెలుగు రేడియో కార్యక్రమానికి సాయం చేసేదాన్ని. ఇక్కడుండే కళాకారులతో మాట్లాడటం నా పని. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో కార్లు పెట్టుకునే గదిలో కూచిపూడి నేర్పే ఒకావిడతో మాట్లాడాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారాలు మృదంగం వాయించే ఒకాయనతో మాట్లాడాను. అందరూ మొదట గురువుల గురించి చెప్పేవారు. ఎక్కడ తప్పుతారు, తప్పాక ఏం చేస్తారు అని అడిగితే ముందు నవ్వేసి మాట మార్చేవారు. నాకు కావలసింది ఆ తర్వాత చెప్పేది.

మర్నాడు అంకుల్ వంతు. ఆయన తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకాలాడిన మనిషి, కృష్ణుడి వేషానికి పేరు. ఇక్కడ పార్సిళ్ళ గోడౌన్‌లో పని. ఆంటీ పారమట్టాలో వృద్ధుల హోమ్‌లో పనిచేస్తూ, ఆదివారాలు చర్చిలో కీబోర్డు, అంకుల్ పద్యాలకు హార్మోనియం వాయించేవారు. "మా పాస్టర్ గారు నన్ను చూస్తే, ఏం కృష్ణా, ఆ కుర్చీలు వెయ్యి అంటారు," అని అంకుల్ నవ్వేవారు.

ఫోన్ ఆపాక ఆంటీ నన్ను ముందు గదిలోకి తీసుకెళ్ళి హార్మోనియం మూత తీశారు. కుడివైపు చిన్న పిడి ఉంది. దాన్ని లాగి, మెట్లన్నీ కలిపి ఒక పక్కకి జరిపారు. జరపకముందు ఒకసారి, జరిపాక ఒకసారి ఒకే మెట్టు నొక్కి వినిపించారు. రెండోసారి స్వరం కిందికి పోయింది.

"అంకుల్ శ్రుతి ఎంత?" అని అడిగారు.

"నాలుగు. ఆయనే చెప్తారుగా, రోజూ."

"నా వేలు నాలుగు మీదే ఉంటది. ఆయన వచ్చి చూసినా నాలుగే. పలికేది మాత్రం రెండు, అంత కిందికి."

ఆరేళ్ళ కిందట అంకుల్‌కి గొంతు దగ్గర ఆపరేషన్ అయింది. గొంతు ఎంతవరకు తిరిగొస్తుందో డాక్టరు చెప్పలేకపోయాడు. ఏడాదిపాటు ఆయన పద్యం మాట ఎత్తలేదట. కిరీటం, ఆభరణాలు తీసి చెత్తబుట్ట పక్కన పెట్టేస్తే ఆంటీ మళ్ళీ లోపలికి తెచ్చుకున్నారు. ఒకరోజు, ఒక్కసారి అని బతిమాలి కూర్చోబెట్టి, ముందుగానే మెట్లు అర శ్రుతి కిందికి జరిపి పెట్టారు. ఆయన పాడారు. పాడి, "చూశావా, పోలేదు," అన్నారు.

"ఆ మొహం చూశాక ఎట్టా చెప్పమంటావే? ఆ తర్వాత కాస్త, కాస్త తగ్గించుకుంటా వచ్చాను."

"ఇప్పుడు చెప్పొచ్చు కదా ఆంటీ."

"చెప్తే ఇంక నోరు తెరవడు. నాకు తెలుసు ఆ మనిషి." ఆవిడ మూత వేసి, నా చెయ్యి పట్టుకున్నారు. "రేపు నేను చర్చిలో ఉంటా. నీ ఫోన్‌లో శ్రుతి పెడతానన్నావంట. రెండులో పెట్టు. నాలుగని చెప్పు. రేడియో అయ్యేదాకా ఎవరికీ చెప్పబాక."

ఆంటీ పోయి మూడేళ్ళు కావస్తోంది. దాచమని ఆవిడ నన్ను అడిగింది ఆ ఒక్క రోజుకే కాబట్టి ఇది రాస్తున్నాను.

ఫోన్‌లో శ్రుతి పెట్టాలన్న ఆలోచన నాదే. ఆంటీ రాలేరు కాబట్టి, స్టూడియో చిన్నది కాబట్టి, అది తేలిక అనుకున్నాను. అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ సాయంత్రం రెండుసార్లు ముందు గది దాకా వెళ్ళి, టీవీ ముందు కూర్చున్న అంకుల్‌ని చూసి వెనక్కి వచ్చాను.

ఆదివారం పదిన్నరకి స్టూడియోలో ఎర్ర దీపం వెలిగి ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. అంకుల్ ఇస్త్రీ చొక్కాలో, మైకుకి మరీ దగ్గరగా కూర్చున్నారు. మాట్లాడటంలో ఆయనకి బెరుకు లేదు.

"పద్యం ఎక్కడ తప్పుతుంది అంకుల్?"

"జనం వన్స్ మోర్ అన్న దగ్గర తప్పుద్దమ్మా. మొదటిసారి మనం పాడతాం. రెండోసారి వాళ్ళు పాడిస్తారు. ఊపిరి చూసుకోకుండా ఎత్తేస్తాం. అప్పుడు హార్మోనిస్టు కాయాలి. స్వరం పట్టుకుని నిలబడితే, ఆ సందులో మనం గాలి పీల్చుకుంటాం. వినేవాడికి తెలీదు."

"ఆంటీ అలా కాశారా?"

"ఎందుకు కాయలా! కానీ శ్రుతి మాత్రం తగ్గించలేదు. ముప్ఫై ఏళ్ళుగా నాలుగే. ఆపరేషన్ అయ్యాక కూడా నాలుగే. రాసుకో."

పద్యం పాడమని అడిగి ఫోన్‌లో శ్రుతి మోగించాను. అది రెండులో మోగింది.

"నాలుగేనా?"

"నాలుగే అంకుల్."

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. నోరు తెరవబోయి, అలవాటుగా శ్రుతిపెట్టె వైపు చూసినట్టు ఫోన్ వైపు చూశారు. తెర మీద పెద్ద ఇంగ్లీషు అక్షరం ఉంది. అది కనిపిస్తుందని నాకు తట్టలేదు.

"అమ్మాయ్, ఇది డి. నాలుగంటే ఎఫ్. మా ఆవిడ కీబోర్డు మీద అక్షరాల కాయితాలు అంటించుకుంది, నాకు తెలుసు." మైకులోకి తిరిగి నవ్వారు. "చదువుకునే పిల్లలు, శ్రుతులు ఏం తెలుస్తాయి!" వేలితో తెర మీద తానే మార్చారు.

ఆపడానికి నాకు రెండు క్షణాలు ఉన్నాయి. మైకు తెరిచి ఉంది.

శ్రుతి పైకి వెళ్ళింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అయినా ఎత్తుకున్నారు. మొదటి పాదం గట్టిగానే దాటింది. రెండో పాదంలో పైస్వరం దగ్గర గొంతు చీలి, గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ అదే చోట ఎత్తుకున్నారు. మళ్ళీ అంతే. ఫోన్ మోగుతూనే ఉంది. మూడోసారి ఆయన ప్రయత్నించలేదు. నేను శ్రుతి ఆపి, ముందే రికార్డు చేసిన పాట ఒకటి వేశాను.

టూంగాబీలో రైలు దిగాక అంకుల్ ఒక్కటే అడిగారు.

"నువ్వు డి పొరపాటున పెట్టావా?"

"కాదు అంకుల్."

ఇంటికి వెళ్ళి ఆయన తిన్నగా హార్మోనియం దగ్గర కూర్చున్నారు. పిడి వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆంటీ చర్చి నుంచి వచ్చేసరికి మెట్లు జరిపి ఉన్నాయి, మూత తెరిచి ఉంది. ఆవిడ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అయిదేళ్ళు."

"వినేవాళ్ళకి తెలుసా?"

"తెలిసినోళ్ళకి తెలుస్తది."

"నాకు తప్ప." ఆయన గొంతు పెంచలేదు. "అయితే వాళ్ళు వన్స్ మోర్ అంది నా పద్యానికా, నీ పెట్టెకా?"

ఆంటీ లోపలికి వెళ్ళి కంచాలు పెట్టారు. ఆయన తినలేదు.

పన్నెండు రోజులు ఆ ఇంట్లో మాటలన్నీ నా మీదుగా నడిచాయి. "మీ ఆంటీని అడుగు, నా షిఫ్ట్ చొక్కా ఎక్కడ పెట్టిందో." "మీ అంకుల్‌కి చెప్పు, అది ఆయన వెనకే వేలాడుతోందని." ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు, నేను నవ్వేదాన్ని కాదు. పారమట్టాలో తెలుగువాళ్ళ వార్షికోత్సవంలో ఆయన పద్యాలున్నాయి. నిర్వాహకులు రెండుసార్లు ఫోన్ చేశారు. ఆయన వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. ఆంటీ హోమ్‌లో షిఫ్ట్ ముగించుకుని వచ్చి హార్మోనియం తుడిచి, మూత వేసి పడుకునేవారు. ఆయన ఇంక పాడరన్నది ఆవిడ అప్పటికే ఒప్పుకున్నట్టు నాకు కనిపించింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం అంకుల్ కిరీటం ఉన్న అట్టపెట్టె తీసుకుని కారెక్కారు. "మీ ఆంటీని హార్మోనియం తెమ్మను," అని నాతో అన్నారు.

తెర లేచింది. ఆంటీ వేదిక పక్కన హార్మోనియం ముందు కూర్చున్నారు. మెట్లు ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలియదు. చెయ్యి పిడి మీదే ఉంది. అంకుల్ కృష్ణుడి వేషంలో వచ్చి, జనానికి వీపు చూపించి, ఆవిడ ముందు వంగారు. జనం వైపు ఆయన ఎప్పుడూ వీపు తిప్పేవారు కాదు. ఆవిడ చెయ్యి తప్పించి మెట్లు తానే జరిపారు. నేను పక్కనే ఉన్నాను. రెండు కాదు, నాలుగు కాదు. మూడు.

"ఏవండీ, వద్దు," అన్నారు ఆంటీ. "అందదు."

"వాయించు."

పన్నెండు రోజుల తర్వాత వాళ్ళు నేరుగా అనుకున్న మొదటి మాటలు అవి.

ఆయన ఎత్తుకున్నారు. మూడో పాదం దాకా వచ్చారు. పైస్వరం దగ్గర గొంతు వణికింది. ఆంటీ వెంటనే స్వరం పట్టుకుని కాశారు. ఆయన వెనక్కి తిరగకుండా అరచెయ్యి ఊపారు, ఆపమని. ఆవిడ నా వైపు చూశారు. మెట్ల మీంచి వేళ్ళు తీసేశారు. ఆ పాదం ఆయన ఒంటిగొంతుతో, మధ్యలో ఒకచోట బొంగురుపోతూ, చివరిదాకా పాడారు. నాలుగో పాదానికి చెయ్యి కిందికి దించారు. ఆవిడ మళ్ళీ వాయించారు.

చప్పట్లు కొట్టారు. వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు.

మర్నాడు ఆయనతో మళ్ళీ మాట్లాడి రికార్డు చేశాను. ఎక్కడ తప్పారు, తప్పాక ఏం చేశారు అని అడిగాను. ఆంటీ పక్కనే కూర్చున్నారు.

"తప్పిన చోట నన్ను తప్పనివ్వమన్నా, అంతే," అన్నారు. "ఆమె కాయడం మానలా, నేను చెయ్యి ఊపడం మానలా. ఇంక ఇట్టాగే."

"చెయ్యి చూసుకుంటా వాయించాలంట," అన్నారు ఆంటీ. "ముసలాడికి కొత్త ముచ్చట."

చదువు అయ్యేదాకా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అలాగే పాడుకున్నారు, కొన్ని రోజులు మూడులో, కొన్ని రోజులు రెండున్నరలో, ప్రతిసారీ ముందు పోట్లాడుకుని. నేను ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిన ఏడాది ఆంటీకి జబ్బు చేసింది. నాలుగు నెలల్లో పోయారు.

తర్వాత ఒకసారి అంకుల్‌కి ఫోన్ చేసి, శ్రుతి యాప్ ఎలా పెట్టుకోవాలో చెప్తానన్నాను.

"వద్దమ్మా," అన్నారు. "గొంతు బాగానే ఉంది. ఆ ఫోను నేను చెయ్యి ఊపినా ఆగదు."

ఆయన ఇప్పుడు పద్యం పాడటం లేదు.